మా మేనత్త ట్రక్కుకు కార్బరేటర్ తీసేసిన నెల

ట్రక్కు పొగ పరీక్షలో రెండోసారి తప్పిన రోజు మా మేనత్త నాకు ఫోన్ చేసింది.

"అల్లుడా, నువ్వు ఇంజన్ల చదువే కదా చదివింది?"

నిజమే. నాలుగేళ్లు మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. కార్బరేటర్ పటం గీసి భాగాలు గుర్తించుము అన్న ప్రశ్నకు పదికి తొమ్మిది మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ తర్వాత సోమాజిగూడలో ఒక బీమా ఆఫీసులో చేరి, పదిహేనేళ్లుగా గుద్దుకున్న బండ్ల ఫోటోలు చూస్తూ బతుకుతున్నాను. ఇంజిన్ గురించి నాకు బాగానే తెలుసు. కాకపోతే అది నుజ్జయ్యాక ఎలా ఉంటుందన్నంత వరకే.

"చదివిన అత్తా."

"అయితే జల్ది రా. బండిని తుక్కుకు రాస్తమంటున్నరు."

మేనత్తది మొక్కల అద్దె వ్యాపారం. పంజాగుట్ట వెనక గల్లీలో, అపార్ట్‌మెంట్ కడదామని పునాది తవ్వి ఎందుకో ఆగిపోయిన ఒక ఖాళీ జాగాలో ఆమె నర్సరీ ఉంది. ఆసుపత్రుల లాబీల్లో, ఆఫీసుల రిసెప్షన్లలో కనిపించే మొక్కలు అక్కడే పుట్టి అక్కడే పెరుగుతాయని చాలామంది అనుకుంటారు. అవి అద్దెకొస్తాయి. ఎండ తగలని చోట ఏ మొక్కా పది రోజులకు మించి హుషారుగా ఉండలేదు. అందుకని వారానికోసారి వాడిపోయినవాటిని వెనక్కి తెచ్చి, నర్సరీలో కోలుకున్నవాటిని తీసుకుపోయి పెట్టాలి. ఆసుపత్రుల్లో రోగుల కంటే ముందు డిశ్చార్జ్ అయ్యేవి మా అత్త మొక్కలే.

ఈ రాకపోకలన్నీ ముప్పై ఏళ్ల వయసున్న ఒక చిన్న పెట్రోల్ ట్రక్కు మీద. దాన్ని ఆమే సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుంది, ఆమే నడుపుతుంది. కొత్తది కొనుక్కోరాదా అని అడిగేవాళ్ల కోసం ఆమె దగ్గర ఒక కొలత ఉంది. ఆమె మొక్కలు పెట్టే మూడు ఆసుపత్రుల్లోనూ సామాను దించాల్సింది సెల్లార్లోనే. సెల్లార్‌కు దిగే దారిలో, పొడుగు బండ్లు రాకుండా, అడ్డంగా ఒక ఇనుప కమ్మీ ఉంటుంది. దాని కింద నుంచి ఆమె ట్రక్కు నాలుగు వేళ్ల సందుతో దూరిపోతుంది. ఇప్పటి ట్రక్కులన్నీ తల ఎత్తుకుని తిరిగే రకం. షోరూముల్లో టేపు పెట్టి మరీ కొలిచి వచ్చింది. ఈ బండి పోతే ఆ మూడు ఆసుపత్రులూ పోతాయి. అవి పోతే ఆమెకు మిగిలేది పునాది గుంత.

ఫిట్‌నెస్ అధికారి మంచివాడేనట. "ఇంకో నెల టైమిస్తున్న అమ్మా. మూడోసారి సుత గిదే పొగ ఉంటే నా చేతిల ఏం లేదు" అన్నాడట.

మరునాడు పొద్దున్నే ఇద్దరం మా అత్త పాత మెకానిక్ ఉస్తాద్ షెడ్డుకు వెళ్లాం. అమీర్‌పేటలో ఇప్పుడు నేర్పని విద్య లేదు. రెండు హాస్టళ్ల మధ్య నలిగిపోతున్న ఆ షెడ్డు గోడ మీద కూడా మూడు రకాల కోచింగ్ పోస్టర్లు ఉన్నాయి. ఆ గల్లీ మొత్తంలో సర్టిఫికెట్ ఇవ్వకుండా పని చేసేది ఆయనొక్కడే. డెబ్భై దాటిన మనిషి. మా అత్తకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆయనే.

ఉస్తాద్ బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆన్‌లో పెట్టించి, జేబులోంచి జానెడు రబ్బరు పైపు తీశాడు. ఒక కొస చెవిలో పెట్టుకుని రెండో కొస కార్బరేటర్ దగ్గర అక్కడా ఇక్కడా పెట్టి విన్నాడు. ఆసుపత్రిలో గుండె చప్పుడు వినేవాళ్లు కూడా అంతసేపు వినరు. తర్వాత ఇంజిన్ ఆపించి, కార్బరేటర్ పక్కనున్న ఇరుసును రెండు వేళ్లతో పట్టుకుని ఊపాడు. అది ఊడబోయే పన్నులా కదిలింది.

"చెల్లె, దీని పని అయిపోయింది."

"అట్లంటే ఎట్లనే అన్నా!"

"గీడ అరిగి సందు పడ్డది. గా సందుల నుంచి గాలి దొంగదారిన పోతున్నది. గాలి ఎక్కువైతున్నదని నేను పెట్రోల్ పెంచుత. పెంచితే పొగ. తగ్గిస్తే బండి ఆగిపోతది. రెండేండ్ల సంది గిదే నడుస్తున్నది."

"కొత్తది ఎయ్."

"అసలుది ఇప్పుడు ఎవ్వడు చేస్తలేడు. దొరికేటియి ఉన్నయి గని, డబ్బా మీది బొమ్మొక్కటే మంచిగుంటది."

నలభై ఏళ్లకు పైగా కార్బరేటర్ల మీద బతికిన మనిషి అన్న మాట అది. నేను ఊరుకోవచ్చు కదా, నోరు తెరిచాను. "ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టొచ్చు కదా" అన్నాను. పరీక్షలో ఆ ప్రశ్న కార్బరేటర్ తర్వాతి ప్రశ్న. దాన్ని నేను ఛాయిస్‌లో వదిలేశాను.

ఉస్తాద్ నా వైపు తిరిగాడు. "పెట్టు."

"నేనా?"

"నువ్వే కదా ఇంజినీర్ సాబ్. పెట్టు. నేను స్పానర్ అందిస్త."

మా అత్త నా వైపు చూసిన చూపులో ఎగతాళి లేదు. నమ్మకం ఉంది. అది ఇంకా ప్రమాదం.

నన్ను కాపాడింది చాయ్ బండి. అక్కడ సాయంత్రాలు నాతో పాటు చాయ్ తాగే ఒక సార్ ఉన్నారు. గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి. పక్క బిల్డింగ్ మూడో అంతస్తులో, యంత్రాల లోపల కూర్చునే చిన్న చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాయడం నేర్పుతారు. విషయం చెబితే ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టేశారు.

"నిజమైన ఇంజినాండీ?"

"నిజమైందే సార్. పొగ కూడా వస్తుంది."

"ఎనిమిదేళ్లుగా పిల్లలకి బల్బు వెలిగించి ఆర్పి చూపిస్తున్నానండీ. ఇంజిన్ ఎవరిస్తారు మనకి? పదండి, ఇప్పుడే వెళ్దాం."

మర్నాడు ఆయన మొదట నన్ను ఫిట్‌నెస్ ఆఫీసుకు తీసుకెళ్లారు. ఇంజిన్ నంబర్ మారకుండా, బిగించినవాటి కాగితాలన్నీ చూపిస్తే, పొగ కూడా హద్దులో ఉంటే తనకేం అభ్యంతరం లేదన్నాడు ఆ అధికారి. ఆ తర్వాతి రోజు సారూ ఉస్తాదూ కలిసి పాత సామాన్ల బజారుకు వెళ్లి, గుద్దుకుని తుక్కయిపోయిన ఒక వ్యానులోంచి కావలసినవి తెచ్చారు. నేను మామూలుగా ఫోటోల్లో చూసే బండ్లలో ఒకటి అలా పనికొచ్చింది.

కార్బరేటర్ ఊడదీసే రోజు నేను సెలవు పెట్టాను. నా పని పక్కన నిలబడి ఉండటం. దాన్ని ఇంజిన్ మీంచి దించాక ఉస్తాద్ ఊరుకోలేదు. పాత పేపరు పరిచి, స్క్రూ తర్వాత స్క్రూ విప్పి, ఒక్కో ముక్కనూ పెట్రోల్లో ముంచి బ్రష్షుతో కడగడం మొదలుపెట్టాడు.

"పారేసేదాన్ని ఎందుకు కడుగుతున్నవ్ ఉస్తాద్?"

"మురికిగ పంపుతమా?" అన్నాడు తల ఎత్తకుండా.

మధ్యాహ్నానికి పేపరు మీద ముప్పై దాకా ఇత్తడి ముక్కలు వరుసగా కూర్చున్నాయి. వాటిలో ఒకదాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, షెడ్డు బయటి వెలుతురు వైపు ఎత్తి నా కంటికి అడ్డం పెట్టాడు. శనగగింజంత మర. దాని నడుమ సూదిమొన దూరేంత చిల్లు. ఆ చిల్లులోంచి మెట్రో పిల్లర్ మీది ఆకాశం ఒక చుక్క కనిపించింది.

"గిదే జెట్టు. ఇంజిన్ తాగే పెట్రోల్ మొత్తం గా సందులకెల్లి పోవాలె. వెంట్రుక మందం పెద్దగైందా, పొగ. చిన్నగైందా, ర్యాంపు ఎక్కది."

నా పటంలో జెట్టు చూపుడు వేలంత ఉంది. బాణం గుర్తు దానికంటే పెద్దది.

ఆయన ఒక్కో ముక్కా చూపిస్తూ పోయాడు. మరుగుదొడ్డిలో నీళ్ల ట్యాంకు నిండితే నల్లాను ఆపే బంతి లాంటిది ఒకటి, పెట్రోల్ మట్టం దాటకుండా. నడుము సన్నబడిన గొట్టం ఒకటి. గాలి ఆ సన్నని నడుములోంచి దూరేటప్పుడు వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు పెట్రోల్ తనంతట తానే పైకి లేచి గాలిలో కలుస్తుంది. అంతే. అందులో ఆలోచించేది ఏదీ లేదు. వైరు లేదు, బ్యాటరీ లేదు. ఏప్రిల్ ఎండలో, జూలై వానలో, పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, ఈ ఇత్తడి చిల్లులన్నీ కలిసి ఎంత గాలికి ఎంత పెట్రోలో క్షణం క్షణం లెక్క కడుతూ వచ్చాయి. ముప్పై ఏళ్లు. వాటిని ఎవరూ మెచ్చుకున్నట్టు లేదు. నాకు తొమ్మిది మార్కులు ఎవరు వేశారో గాని, చాలా దయగల మనిషి.

"దీన్ని కనిపెట్టినోడు ఎవరో గని, గాలితోటి మాట్లాడిండు" అన్నాడు ఉస్తాద్.

ఆ సాయంత్రం సార్ తన వంతు చూపించారు. కోచింగ్ బిల్డింగ్ డాబా మీద, సిగరెట్లు కాల్చేవాళ్లందరినీ కిందికి పంపించి, ఇసుక బకెట్ పక్కన పెట్టుకుని, ఊరగాయ జాడీ లాంటి గాజు సీసా మూతకు ఒక ఇంజెక్టర్ బిగించారు. చిటికెన వేలంత ఉంది. వెనక చిన్న మోటారు పెట్రోల్‌ను ఒత్తిడితో నెడుతోంది. సార్ ల్యాప్‌టాప్ మీద ఒక మీట నొక్కారు.

టిక్.

సీసాలో ఒక పొగమంచు గొడుగు విచ్చుకుంది. ఒక్క చుక్క లేదు, ఒక్క ధార లేదు. సంధ్య వెలుగు దానిలోంచి దూరి, గాజు గోడ మీద పల్చటి రంగులు పడ్డాయి. గొడుగు మాయమైంది. టిక్. మళ్లీ విచ్చుకుంది.

"సెకనులో వెయ్యో వంతు లెక్కన తెరుచుకుంటుందండీ. రెండు వంతులు, మూడు వంతులు... ఇంజిన్ ఎంత అడిగితే అంత. వేడి ఎంతుంది, గాలి ఎంత వస్తోంది, పెడల్ ఎంత తొక్కారు, పొగలో మిగిలిన ఆక్సిజన్ ఎంత, అన్నీ చూసుకుని మన డబ్బా నిర్ణయిస్తుంది."

ఉస్తాద్ కళ్లద్దాలు తీసి, లుంగీ కొసతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని సీసా దగ్గరకు వంగాడు. ఆయన ఏం అంటాడా అని నేనూ సారూ ఎదురుచూశాం.

"ఇంకోసారి" అన్నాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నాడో లెక్కపెట్టలేదు. కింద నుంచి ఎవరో వచ్చి, సార్ మా బ్యాచ్ ఉందా లేదా అని అడిగేదాకా అంటూనే ఉన్నాడు.

బిగించడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ మా అత్త కిరాయి బండిని ఆసుపత్రి గేటు బయటే ఆపి, కుండీలను చేతి ట్రాలీ మీద ర్యాంపు కిందికి దించుకుంది. మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగితే "ఉన్నయి" అంది. షెడ్డులో, కార్బరేటర్ కూర్చున్న చోటే, ఉస్తాద్ అల్యూమినియం పలక ఆకురాయితో అరగదీసి, ఇంజెక్టర్లున్న కొత్త గొట్టాన్ని కూర్చోబెట్టాడు. పొగ గొట్టానికి చిల్లు చేసి, ఆక్సిజన్ చూసే సెన్సార్ బిగించాడు. పెట్రోల్ ట్యాంకులోకి కొత్త పంపు దించాడు. సార్ క్లాసుల మధ్య ఖాళీల్లో వచ్చి, సీటు కింద డబ్బా పెట్టి, వైర్లు లాగి, ప్రతి వైరుకూ కాగితం చీటీ అంటించారు. ఆ చీటీలు ఉస్తాద్ చదవడు. ఉస్తాద్ ముడులు సార్ విప్పలేరు. అయినా ఇద్దరికీ ఎక్కడా గొడవ రాలేదు. నా అనుభవంలో ఒకే బండి మీద ఇద్దరు పనిచేస్తే బీమా క్లెయిము తప్పదు. అందుకని నేను రోజూ వెళ్లి చూసి వచ్చేవాడిని.

మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు, సార్ డ్రైవరు సీట్లో ల్యాప్‌టాప్ ఒడిలో పెట్టుకుని తాళం తిప్పారు. ఇంజిన్ దగ్గింది, ఊగింది, అందుకుంది. ఉస్తాద్ బానెట్ కింద తల దూర్చి, తన రబ్బరు పైపు చెవికి పెట్టుకున్నాడు.

"సారూ, జర ఎక్కువ తాగుతున్నది."

సార్ తెర చూశారు. పెట్రోల్ ఒక వంతుకు గాలి పద్నాలుగున్నర పైచిలుకు వంతులుండాలి. తెర మీద పదమూడు పాయింట్ ఎనిమిది. కొంచెం ఎక్కువే తాగుతోంది.

సార్ నా వైపు చూశారు. రెండు మీటలు నొక్కారు.

"ఇప్పుడు ఆకలిగున్నది" అన్నాడు ఉస్తాద్ లోపల్నుంచి.

పదిహేను పాయింట్ నాలుగు.

సార్ ల్యాప్‌టాప్‌ను కిటికీకి అటువైపు తిప్పి, ఉస్తాద్‌కు వేళ్లు కూడా కనపడకుండా మళ్లీ మార్చారు. మళ్లీ చెప్పాడు. ఇంకోసారి, కేవలం ఒక వీసమంత. అదీ చెప్పాడు. ఆరుసార్లు మార్చారు, ఆరుసార్లూ చెప్పాడు. ఏడోసారి సార్ మీటల మీద వేళ్లు టకటక ఆడించి, నిజానికి ఏమీ మార్చకుండా ఊరుకున్నారు.

ఉస్తాద్ చాలాసేపు విన్నాడు. తర్వాత తల బయటికి తీశాడు.

"ఏం మార్చలే నువ్వు. ఆటలాడుతున్నవ్."

సార్ ల్యాప్‌టాప్ మూసేశారు. "ఇరవై ఏళ్లు చదువుకున్నానండీ నేను" అన్నారు నాతో, మెల్లగా.  ఆ వారమంతా ఆయన తెర వైపు తక్కువ చూశారు, ఉస్తాద్ మొహం వైపు ఎక్కువ చూశారు. ఉస్తాద్ బాగుందన్న అంకెలన్నీ డబ్బాలో రాసుకున్నారు. నేను చదివిన పుస్తకాల్లో ఈ పద్ధతి లేదు.

గడువు ఆఖరి రోజు పొద్దున సార్ బండి స్టార్ట్ చేసి, దాన్ని అలాగే నడుస్తుండగా మా అత్తకు అప్పగించి, క్లాసుకు పరుగెత్తారు. ఆమె సీట్లో కూర్చుని స్టీరింగు మీద చేయి వేసి, "ఇది మన బండేనా?" అంది. వణుకు లేదు, పొగ లేదు. ట్రక్కు ఆమె చెప్పకముందే కదులుతున్నట్టుందట. నేను నడుమ, ఉస్తాద్ కిటికీ పక్కన. అలా పరీక్ష మైదానం చేరాం.

మైదానంలో మా ముందు పదకొండు బండ్లు. ఇంజిన్లు ఆపేయమని ఎవరో అరిచారు. ఆపేసింది. గంటకు పైగా ఎండలో కూర్చున్నాక మా వంతు వచ్చింది. మా అత్త ఎప్పటిలాగే పెడల్ అడుగుదాకా తొక్కి తాళం తిప్పింది.

ఇంజిన్ తిరిగింది. అందుకోలేదు.

మళ్లీ తిప్పింది. మళ్లీ. వెనక బండివాడు హారన్ కొట్టాడు. 

"నా చేతికి రాదేమో అన్నా" అంది. ఆమె ఆ గొంతుతో మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"జరుగు చెల్లె" అని ఉస్తాద్ ఆమె సీట్లోకి వచ్చాడు. రెండుసార్లు పెడల్ తొక్కి, మూడోసారి అడుగంటా నొక్కిపట్టి, తాళం తిప్పాడు. లేదు. ఇంకోసారి, ఇంకా గట్టిగా నొక్కి. లేదు. ఇంజిన్ తిరిగే చప్పుడు మెల్లబడుతోంది, బ్యాటరీ దిగుతోంది. సార్‌కు ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. క్లాసులో ఫోన్లు ఆపివేయవలెను అన్న బోర్డు ఆయనే రాసి పెట్టుకున్నారు.

అధికారి దూరం నుంచి చేయెత్తి ఐదు వేళ్లు చూపించాడు. ఐదు నిమిషాలు.

ఉస్తాద్ దిగి బానెట్ ఎత్తాడు. "నేను చెవి పెడ్త. చెల్లె, నువ్వు వెనక పోయి ట్యాంకు కాడ పంపు చప్పుడు విను. ఇంజినీర్ సాబ్, ఎక్కు. తాళం తిప్పు."

నాకు స్కూటర్ తప్ప ఏదీ రాదని అందరికీ తెలుసు. ఆ సమయంలో ఎవరికీ గుర్తులేదు. నేను ఎక్కి కూర్చున్నాను. బండి ముందుకు దూకి ఉస్తాద్ మీదికి పోతుందేమోనని భయపడి, ఒక కాలితో క్లచ్, ఒక కాలితో బ్రేకు బలంగా అదిమి పట్టాను. మూడో కాలు లేదు. తాళం తిప్పాను.

స్టార్ట్ అయింది. ఒక్క అర తిరుగుడుకే.

భయంతో వెంటనే ఆపేశాను. ఆపాక గాని తెలియలేదు, ఎంత పని చేశానో.

ఉస్తాద్ బానెట్ పక్క నుంచి వచ్చి కిటికీలోంచి నన్ను చూశాడు. "ఏం చేసినవ్?"

"ఏం చెయ్యలే ఉస్తాద్."

"కాలు?"

"బ్రేకు మీదున్నది."

ఆయన కళ్లు మూసుకున్నాడు. వెనక హారన్లు మోగుతున్నాయి. మా అత్త పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ డెబ్భై ఏళ్ల మనిషి, తన జీవితంలో ఎన్నడూ లోపల చూడని ఒక డబ్బా ఏమనుకుంటోందో ఆలోచించడం నేను దగ్గర్నుంచి చూశాను. పది సెకన్లు పట్టి ఉంటుంది.

"చెల్లె, ఇంజిన్ వేడి మీదుండి పెట్రోల్ నిండిపోతే మనమేం చేస్తుంటిమి?"

"అడుగుదాక తొక్కి గాలి ఇడుస్తుంటిమి. నువ్వే నేర్పినవ్."

"నేనే నేర్పిన. సారు సుత గీ డబ్బాకు గదే నేర్పిండు. మనం మొత్తం తొక్కితే, 'ఓహో, ఈళ్లు పెట్రోల్ నింపి పెట్టుకున్నరు' అనుకొని అది నల్లా బంద్ చేస్తున్నది. దాని తప్పేం లేదు. మనం చెప్పిందే వింటున్నది."

తర్వాత సార్‌ను అడిగితే అక్షరాలా అదేనన్నారు. ఆ ఏర్పాటు తానే పెట్టానని, అందరికీ తెలిసిందేననుకుని చెప్పలేదని లెంపలేసుకున్నారు. కానీ ఆ ఎండలో, వైర్లూ తెరలూ లేకుండా, నేను చేయని పనిని బట్టి ఉస్తాద్ దాన్ని పట్టుకున్నాడు.

"పెడల్ ముట్టుకోకు. ఉత్త తాళం తిప్పు. గంతే" అన్నాడు మా అత్తతో.

ఆమె ఎక్కింది. స్టార్ట్ చేయకుండానే, నేనూ ఉస్తాదూ వెనక నుంచి నెట్టి బండిని పరీక్ష దిమ్మె మీదికి చేర్చాం. బ్యాటరీలో ఇంకొక్కసారికి ఉంటే ఉన్నట్టు. అధికారి మనిషి ఇంజిన్ నంబర్ చూసి, కాగితాలు చూసి, పొగ గొట్టంలో కడ్డీ పెట్టి, "స్టార్ట్ చెయ్యమ్మా" అన్నాడు.

ఆమె కుడికాలు పెడల్ వైపు కదలడం నాకు కనిపించింది. ఆపుకుంది. మళ్లీ కదిలింది. పాతికేళ్లుగా ఆ కాలు రోజుకు పది పదిహేనుసార్లు చేసిన పని అది. దాన్ని చూస్తూ చూస్తూ ఆపడం ఎంత కష్టమో నేను కాలు కదపకుండా నిలబడే అర్థం చేసుకున్నాను. చివరికి ఆమె చెప్పు విడిచి, ఆ కాలిని ఎత్తి, అన్నానికి కూర్చున్నట్టు సీటు మీద మడిచి పెట్టుకుంది. తాళం తిప్పింది.

ఇంజిన్ ఒకసారి బరువుగా మూలిగింది. అందుకుంది.

"జర పెంచమ్మా" అన్నాడా మనిషి. అప్పుడు కాలు దించింది.

యంత్రం చీటీ కక్కింది. అతను చూసి, కడ్డీని బయటికి తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ లోపల పెట్టి ఇంకో చీటీ తీశాడు. రెండూ పట్టుకుని అధికారి దగ్గరకు పోయాడు. అధికారి లేచి వచ్చాడు. పొగ హద్దులో సగం కూడా లేదట. ఆయన బానెట్ కింద చాలాసేపు చూసి, "ఎవరు చేసిండ్రు?" అని అడిగాడు. ఉస్తాద్ నా వైపు చూపించాడు.

"ఇంజినీర్ సాబ్" అన్నాడు.

నేను ఖండించేలోపు మా అత్త సంతకం పెట్టి, కాగితం మడిచి జాకెట్లో దోపుకుని, "మాటలు తర్వాత. ఆసుపత్రిల మొక్కలు ఎండిపోతున్నయి, ఎక్కుండ్రి" అంది.

బేగంపేట మీదుగా వచ్చాం. పంజాగుట్ట దగ్గర ఎర్ర లైటు పడింది. అది మామూలు సిగ్నల్ కాదు, అక్కడ నిలబడ్డవాళ్లు ఇళ్ల విషయాలన్నీ మాట్లాడుకుని ముగించగలరు. మాకు నాలుగు వైపులా బస్సులు, ఆటోలు, పైన మెట్రో.

ఉస్తాద్ కిటికీలోంచి మొహం తిప్పకుండానే అన్నాడు. "చెల్లె, ఒక్కసారి బంద్ చేసి మళ్ల చాలు చెయ్."

"ఈడనా? తిడ్తరే అన్నా."

"తిట్టనీ."

ఆమె ఆపింది. కాలు పైకి మడిచి తాళం తిప్పింది. బండి వెంటనే అందుకుంది. ఆ రొదలో నాకసలు ఏ తేడా వినపడలేదు, మీటరు సూది మాత్రం లేచి నిలబడింది. ఉస్తాద్ చేయి డ్యాష్‌బోర్డు మీద పెట్టి, ఆ చేత్తోనే వింటున్నట్టు కాసేపు ఉంచాడు.

"ఇంకోసారి" అన్నాడు.

లైటు పచ్చబడింది. వెనక బస్సువాడు హారన్ మీద చేయి పెట్టి తీయలేదు. మా అత్త అద్దంలో వాడిని ఒకసారి చూసి, మళ్లీ ఆపి, కాలు మడుచుకుంది.